ద్యూతం – సమాహ్వయం – నేటి పందెం

(ధనుర్మాస సత్సంగంలో ఒక విశ్రాంత న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



ఈ పవిత్ర మాసంలో జూదం ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మరికొద్ది రోజుల్లో సంక్రాంతి వస్తున్నది. మన కృష్ణా తీరంలో ఒక ప్రక్క గొబ్బెమ్మలు, హరిదాసుల కీర్తనలు. మరొక ప్రక్క కోడిపందేల బరులు, గుండాట బల్లలు. పైగా 2025లో పందేలకు సంబంధించిన చట్టం దేశమంతటా మారింది. అందుచేత శాస్త్రం ఏమంటున్నది, చట్టం ఏమంటున్నది, మన ఇళ్ళలో ఏమి జరుగుతున్నది అనే మూడు విషయాలు మీకు విన్నవిస్తాను. నలభై సంవత్సరాలు విజయవాడ న్యాయస్థానాలలో నల్లకోటు ధరించినవాణ్ణి కనుక రెండవ విషయం కాస్త ఎక్కువగా చెబితే మన్నించండి.

మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం జూదాన్ని రెండు విధాలుగా చెప్పింది. పాచికల వంటి ప్రాణం లేని వస్తువులతో ఆడేది ద్యూతం. ప్రాణులను పోటీకి నిలిపి పందెం ఒడ్డేది సమాహ్వయం. కోడిపందెం, పొట్టేళ్ళ పందెం, గుర్రప్పందెం ఈ రెండవ కోవకు చెందుతాయి. రెండింటినీ రాజు తన రాజ్యంలో ఉండనీయరాదని మనువు శాసించాడు. కౌటిల్యుడు వేరొక దారి పట్టాడు. అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. జూదం ఆయన చూపిన ఒక్క చోటనే ఆడాలి. మరొక చోట ఆడితే 12 పణాల జరిమానా. గెలిచినవాని నుంచి నూటికి 5 వంతున ప్రభుత్వానికి చెల్లాలి. చాటుమాటుగా బ్రతికే దొంగలు అక్కడైతే కంటబడతారని కూడా ఆయన ఆలోచన. ఒకరిది నిషేధం, మరొకరిది నియంత్రణ. నేటి చట్టాలన్నీ ఈ రెండు దారుల మధ్యనే నడిచాయి.

గుర్రప్పందేలనే తీసుకోండి. హైదరాబాదు మలక్‌పేటలో 1886లో అవి మొదలయ్యాయి. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం జూదాన్ని నేరమంటూనే, పందెం జరిగే రోజున, ఆ ఆవరణలో, ప్రభుత్వ అనుమతితో కేటాయించిన స్థలంలో గుర్రంపై ఒడ్డిన పందేన్ని మినహాయించింది. ఇది అచ్చంగా కౌటిల్యుని మార్గం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను పందెపు ఒప్పందాలు చెల్లవన్నది. అక్కడ కూడా గుర్రప్పందెంలో 500 రూపాయలు, అంతకు మించిన బహుమతి కోసం వేసుకున్న చందాలకు మినహాయింపు ఉన్నది.

ఆ తరువాత నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదం వచ్చింది. 1968లో మన రాష్ట్రం నుంచి వెళ్ళిన వ్యాజ్యంలో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం గల ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. 1996లో మద్రాసు గుర్రప్పందేల వ్యాజ్యంలో కూడా గుర్రపు శిక్షణ, స్వారీ చేసేవాని నేర్పు వంటివి చూసి అదే మాట అన్నది. సెల్‌ఫోను వచ్చాక ఈ ‘నైపుణ్యం’ అనే మాట చాటున వ్యాపారం కొండంత పెరిగింది. పూర్వం జూదరి జూదశాలకు నడిచి వెళ్ళవలసి వచ్చేది. దారిలో ఎవరైనా చూస్తారేమోనన్న సిగ్గు కొంత ఆపేది. ఇప్పుడు జూదశాలయే జేబులోకి వచ్చింది. పడక మీద దుప్పటి కప్పుకొని ఆడుకోవచ్చు. కౌటిల్యుని ‘ఒక్క చోటు’ మాయమైపోయింది.

అందుకే 2020లో మన రాష్ట్రం 1974 చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆడినవారికి కూడా జైలుశిక్ష విధించింది. 2023 అక్టోబరు 1 నుంచి గుర్రప్పందేలు, ఆన్‌లైన్ ఆటలు, కేసినోలలో పందెపు పూర్తి విలువపై 28 శాతం జీఎస్టీ వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. ఈలోగా 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించి, 22న రాష్ట్రపతి సమ్మతి పొందిన కేంద్ర చట్టం మరింత దూరం వెళ్ళింది. నైపుణ్యమైనా, అదృష్టమైనా డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆట నిషిద్ధమే. నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. అయితే ఆడినవాణ్ణి ఈ చట్టం నేరస్థుడుగా కాక బాధితుడుగా చూసింది. ఈ తేడాను గమనించండి. దానిలో ఒక ధర్మసూక్ష్మం ఉన్నది.

ఆ సూక్ష్మం భారతంలో కనిపిస్తుంది. మొదటి జూదంలో పాండవులు సర్వం ఓడారు. ద్రౌపదీదేవికి జరిగిన అవమానం తరువాత ధృతరాష్ట్రుడు భయపడి, పోయినదంతా తిరిగి ఇచ్చాడు. పాండవులు ఇంటిదారి పట్టారు. కథ అక్కడ ముగియవలసింది. కాని దారిలోనే రెండవ పిలుపు వచ్చింది. దానినే అనుద్యూతం అంటారు. అరణ్యవాసం తెచ్చినది మొదటి ఆట కాదు, ఆ రెండవ పిలుపే.

నేటి పందెపు వ్యాపారుల బలమంతా ఆ రెండవ పిలుపులోనే ఉన్నది. మొదటిసారి డబ్బు జమ చేస్తే అంతకు అంత బోనస్. ఓడిపోతే కొంత సొమ్ము వాపసు. నాలుగు రోజులు ఆడకపోతే, “మీ కోసం ఉచిత పందెం సిద్ధంగా ఉంది” అని సందేశం. ఆ బోనస్‌ను చేతికి తీసుకోవాలంటే మరిన్ని పందేలు ఆడి తీరాలన్న నిబంధన చిన్న అక్షరాలలో ఉంటుంది. ఎర ఉచితమే. గాలం కాదు. మానుకొని ఇంటిదారి పట్టినవాణ్ణి వెనుకకు పిలిచే దూత ఈనాడు ఫోనులోనే కాపురముంటున్నాడు. ప్రకటనకర్తలను కూడా చట్టం శిక్షించదలచినది ఇందుకే. 2025 మార్చిలో హైదరాబాదులో పందెపు యాప్‌లకు ప్రచారం చేసిన ప్రముఖులపై పోలీసులు కేసులు నమోదు చేసిన సంగతి మీరు పత్రికలలో చదివారు.

కొన్నేళ్ళ క్రితం దివిసీమ వైపు నుంచి ఒక కౌలు రైతు నా వద్దకు వచ్చాడు. కొడుకు ఇంజనీరింగ్ చదువుతూ క్రికెట్ పందేలలో పడ్డాడు. బుకీకి కొంత, అప్పుల యాప్‌లకు కొంత బాకీ. తండ్రి ఆ పేర్లన్నీ నోటు పుస్తకంలో వరుసగా రాసుకొని వచ్చి, “వీరిలో ముందు ఎవరికి కట్టమంటారు బాబుగారూ?” అని అడిగాడు. పందెపు బాకీని ఏ కోర్టులోనూ వసూలు చేయలేరు, బుకీకి దావా వేసే దారి లేదు అని చెప్పాను. యాప్‌ల అప్పు మాత్రం అప్పే, దానిని పరిష్కరించుకోవాలన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, “డబ్బు సంగతి అటుంచండి, వాడు అన్నం తినడం లేదు” అన్నాడు. నా దగ్గరున్న సెక్షన్లలో ఆ మాటకు జవాబు లేదు. ముందుగా పిల్లవాణ్ణి వైద్యునికి చూపించమన్నాను. ఆ తండ్రి కొడుకు మీద చేయి చేసుకోలేదు, ఊరిలో అల్లరి చేయలేదు. ప్రక్కన కూర్చొని అన్నం తినిపించాడు. ఆ అబ్బాయి ఒక ఏడాది ఆలస్యంగానైనా చదువు పూర్తి చేశాడు.

“మా వాడికి ఆట బాగా తెలుసు” అని కొందరు తల్లిదండ్రులు ధీమాగా అంటారు. ధర్మరాజుకు జూదం మీద ప్రీతి ఉన్నదే కాని నేర్పు లేదు. అరణ్యంలో బృహదశ్వ మహర్షి ఆయనకు నలుని కథ చెప్పి, అక్షహృదయమనే విద్యను ఉపదేశించాడు. అంత విద్య వచ్చిన తరువాత ధర్మరాజు పోయిన రాజ్యాన్ని మళ్ళీ జూదంలో ఒడ్డి గెలవబోలేదు. విరాటుని కొలువులో కంకుభట్టుగా అజ్ఞాతవాసం గడపడానికి మాత్రం ఆ విద్య ఉపకరించింది. తెలిసినవాడు ఆగుతాడు. ఆగలేనివాడు ఎంత తెలిసినా తెలియనివాడే.

ఇక సంక్రాంతి కోళ్ళు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1974 గేమింగ్ చట్టం రెండూ వీటికి విరుద్ధమే. నిషేధాన్ని అమలు చేయవలసిందేనని 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు ఆదేశించింది. సంప్రదాయం కదా అంటారు. కృష్ణకు ఆవలి పల్నాటిని తలచుకోండి. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మల నడుమ కోడిపోరులో ఓడినవారు ఏడేళ్ళు మాచర్ల విడిచిపోవలసి వచ్చిందని, చివరికి కారంపూడి రణరంగంలో వీరులందరూ నేలకొరిగారని వీరచరిత్ర చెబుతుంది. మనకు సంప్రదాయంగా మిగలవలసినది కోడికత్తి కాదు, ఆ కథ నేర్పిన గుణపాఠం.

భక్తులుగా మనకు మరొక విషయం కూడా ఉన్నది. “పందెం గెలిస్తే ముడుపు కడతాను” అని మొక్కుకునేవారు ఉన్నారు. ఒకరి గెలుపు మరొక ఇంటి ఓటమి. ఆ ఇంటి ఇల్లాలు కూడా ఇదే అమ్మవారికి మొక్కుకొని ఉంటుంది. తల్లి ఎవరి మొర వినాలి? అలాంటి ముడుపుతో గుడి మెట్లు ఎక్కవద్దని చేతులు జోడించి కోరుతున్నాను.

ఇంట్లో ఎవరైనా ఈ ఊబిలో చిక్కుకుంటే దాచకండి, దూషించకండి. ఫోనులోని యాప్‌లు తీసివేయించండి. కొంతకాలం డబ్బు వ్యవహారం ఇంటి పెద్దల చేతిలో ఉంచండి. మోసం జరిగితే 1930కి, మనసు కుంగితే 14416కు ఫోను చేయండి. “ఒక్కసారి గెలిచి అప్పు తీరుస్తాను” అనే మాటను మాత్రం నమ్మకండి. అదే అనుద్యూతం.

ఋగ్వేదం పదవ మండలంలో జూదరి విలాపంగా ఒక సూక్తం ఉన్నది. భార్య దూరమై, అత్త అసహ్యించుకొని, అప్పు ఇచ్చేవాడు లేక అతడు ఏడుస్తాడు. చివరికి ఋషి అతనికి పాచికలు విడిచి, పొలం దున్నుకొని, ఉన్నదానితో తృప్తిగా ఉండమని బోధిస్తాడు. కృష్ణమ్మ నీళ్ళు తాగి పండే ఈ డెల్టా బిడ్డలకు అంతకన్నా దగ్గరి ఉపదేశం ఏముంటుంది? రాబోయేది పంట ఇంటికి వచ్చే పండుగ. ఆ ధాన్యం గాదెకే చేరాలని, బరికి చేరరాదని ఇంద్రకీలాద్రిపై కొలువైన తల్లిని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.

శుభం భూయాత్.