పల్లెపిల్లల మీద నమ్మకం: డాక్టర్ జి. నాచ్చియార్
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాల డెబ్బై ఐదు సంవత్సరాలు నిండించుకొన్న శుభవేళ, ఆ పాఠశాల చుట్టూ ఉన్న నేలలో పుట్టి లోకానికి ఉపకరించిన వారిని స్మరించుకోవడం ఉచితమైన పని. విళాత్తికుళం, ఎట్టయాపురం, కోవిల్‌పట్టి ప్రాంతాల కరిసల్ నేల వానను నమ్ముకొన్న నేల. ప్రత్తి, సజ్జ, జొన్న, మిరప పండించే ఈ పల్లెలలో ఆడపిల్ల పన్నెండవ తరగతి పూర్తి చేయగానే ప్రతి ఇంటిలోనూ ఒకే ప్రశ్న పుడుతుంది: ఇక ఈ పిల్ల సంగతేమిటి? కొందరు అగ్గిపెట్టెల కర్మాగారానికి, కొందరు నూలు మిల్లుకు, అధికులు అత్తవారింటికి. ఆ ప్రశ్నకు మరొక సమాధానం చూపిన వైద్యురాలు డాక్టర్ జి. నాచ్చియార్. మదురై అరవింద్ కంటి ఆసుపత్రి వ్యవస్థాపక సభ్యులలో ఆమె ఒకరు. 2024వ సంవత్సరంలో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది. ఆమె పుట్టింటి ఊరు ఎట్టయాపురం సమీపంలోని అయన్ వడమలాపురం.

ఆమె జీవితాన్ని చెప్పాలంటే ముందుగా ఆమె పెద్దన్నగారిని గురించి చెప్పుకోవాలి. ఆయన పేరు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. 1918 అక్టోబరు 1న జన్మించారు. బాల్యంలో ఉదయమే గేదెలను మేపి ఆ తరువాత బడికి పోయేవారు. ఆ బడిలో కాగితము, పెన్సిలు లేవు. ఏటి నుండి తెచ్చిన ఇసుకను పరచి, దానిపై వ్రేలితో అక్షరాలు దిద్దారు. దగ్గరి బంధువులైన స్త్రీలు కాన్పులో మరణించడం చూసిన ఆ బాలుడు వైద్యుడు కావాలని నిశ్చయించుకొన్నాడు. మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో చదువు ముగించి, సైన్యంలో వైద్యునిగా చేరారు. కాన్పుల వైద్యం నేర్వాలన్న ఆశ ఫలించలేదు. తీవ్రమైన కీళ్ళవాతం ఆయనను మంచాన పడవేసింది, వ్రేళ్ళు వంకరపోయాయి. ఆ వ్రేళ్ళతోనే కత్తి పట్టడం మళ్ళీ నేర్చుకొని నేత్రవైద్యుడైనారు. జీవితకాలంలో లక్షకు పైగా శస్త్రచికిత్సలు చేశారు. ఆయన వివాహం చేసుకోలేదు. తండ్రి గతించిన పిమ్మట తోబుట్టువుల చదువులు, పెళ్ళిళ్ళు ఆయనే భుజాన వేసుకొన్నారు.

ఆ ఇంటిలో అందరికన్నా చిన్నది నాచ్చియార్. అన్నకూ చెల్లెలికీ వయసులో రెండు దశాబ్దాలకు పైగా అంతరం. ఆమెకు ఆయన అన్నయ్యా, తండ్రీ, ఆపైన గురువు కూడా. వైద్యవిద్య పూర్తి చేసి, అన్నగారి అడుగుజాడలలోనే నేత్రవైద్యం చేపట్టారు. ఆమె భర్త డాక్టర్ పి. నంపెరుమాళ్‌స్వామి కంటి వెనుకపొర వ్యాధులలో నిపుణులుగా ఉండేవారు. కంటికీ మెదడుకూ నడుమ ఉన్న నరాల వ్యాధులను గురించి ఆమె విదేశంలో ప్రత్యేక శిక్షణ పొంది వచ్చి, మదురైలో ఆ విభాగాన్ని నెలకొల్పారు. ఇంతవరకు చెప్పినది ఒక మంచి వైద్యురాలి కథ. పెద్ద నగరంలో స్వంత ఆసుపత్రి పెట్టుకొని సుఖంగా జీవించడానికి ఈ అర్హతలు చాలు.

1976లో వెంకటస్వామిగారు యాభై ఎనిమిదవ ఏట ప్రభుత్వోద్యోగం నుండి విరమించారు. ఆ ఏడే మదురైలో పదకొండు పడకలతో ఒక చిన్న కంటి ఆసుపత్రి తెరిచారు. చేతిలో ధనం లేదు. ఉన్నది కుటుంబం. చెల్లెలు, బావమరది, ఇంజనీరైన తమ్ముడు జి. శ్రీనివాసన్, నంపెరుమాళ్‌స్వామిగారి సోదరి డాక్టర్ విజయలక్ష్మి, ఆమె భర్త డాక్టర్ ఎం. శ్రీనివాసన్ తొలినాళ్ళలోనే ఆ పనిలో కలిశారు. కట్టడానికి డబ్బు చాలనప్పుడు ఇంటి స్త్రీల నగలు కుదువకు వెళ్ళాయి. మన పల్లెలలో ఆడదాని మెడలోని బంగారం అంటే కరవుకాలానికి దాచుకొన్న గింజ. దానిని విప్పి ఇవ్వడం ఎంతటి నిర్ణయమో ఇక్కడి తల్లులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ ఆసుపత్రి లెక్క చాలా సరళమైనది. ఇవ్వగలిగిన వారు రుసుము ఇస్తారు, ఇవ్వలేనివారు ఇవ్వరు. ఇచ్చినవారి రుసుములో మిగిలినదే ఇవ్వలేనివారి వైద్యానికి ఖర్చు. గదిలో, మంచంలో తేడా ఉండవచ్చును గాని, కత్తి పట్టే వైద్యులు ఇద్దరికీ వారే. నిత్యవ్యయానికి విరాళాల కోసం ఒకరి వాకిట నిలబడకూడదన్నది వారి నియమం. వినడానికి సులభంగా ఉన్న ఈ లెక్క నిలవాలంటే రెండు జరగాలి. ఒక్కొక్క శస్త్రచికిత్సకు అయ్యే ఖర్చు బాగా తగ్గాలి. శస్త్రచికిత్సల సంఖ్య బాగా పెరగాలి. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ అంగళ్ళు ఎక్కడ చూచినా ఒకే రుచితో, ఒకే క్రమంతో నడవడం చూసిన వెంకటస్వామిగారు, కంటి వైద్యాన్ని అట్లా ఎందుకు అందించలేమని అడిగేవారు. అడగడం ఆయన వంతు. ఆ పని చేసే మనుషులను తయారుచేయడం చాలావరకు నాచ్చియార్‌గారి వంతు అయింది.

ఆసుపత్రిలో అన్నిటికన్నా విలువైనది శస్త్రవైద్యుని సమయం. రోగి పేరు వ్రాయడం, చూపు కొలవడం, కంటి ఒత్తిడి పరీక్షించడం, అద్దాల నంబరు తేల్చడం, ధైర్యం చెప్పడం, శస్త్రచికిత్స గదికి సిద్ధం చేయడం, పరికరాలు శుద్ధి చేయడం ఇవన్నీ వైద్యుడే చేస్తే దినానికి నలుగురైదుగురికి మించి చూపు ఇవ్వలేడు. పట్టణాలలో శిక్షణ పొందిన నర్సులను పెట్టుకొందామంటే వారు దొరకడమే కష్టం, దొరికినా నిలవరు. అప్పుడు నాచ్చియార్‌గారు పల్లెల వైపు చూశారు. పన్నెండవ తరగతి ముగించి ఇంట కూర్చున్న పదిహేడు, పద్దెనిమిదేళ్ళ రైతుబిడ్డలను ఎంపిక చేసి, రెండేళ్ళ శిక్షణ నిచ్చే ఏర్పాటు చేశారు. శిక్షణకు రుసుము లేదు. పైగా నెలనెలా భృతి, ఉండడానికి వసతిగృహం.

ఆమె ఎంపిక పద్ధతి ఉపాధ్యాయులందరూ గమనించదగినది. మార్కుల పట్టీ చూస్తారు గాని, అంతటితో ఆగరు. పిల్లతోపాటు తల్లిదండ్రులను కూడా పిలిపించి మాట్లాడతారు. ఇంటి పనులలో, పొలం పనులలో పాలుపంచుకొన్న పిల్లకు ఓర్పు ఉంటుంది. ముసలివారితో ఎట్లా మాట్లాడాలో తెలుస్తుంది. చూపు పోయిన అవ్వ భయంతో వణుకుతూ వచ్చినప్పుడు ఆమె చేయి పట్టుకొని మెట్లు ఎక్కించవలసినది ఈ పిల్లే. ఆ అవ్వకు ఈ పిల్ల తన మనుమరాలివలె కనబడుతుంది. ఆ గుణాన్ని ఏ కళాశాలా రెండేళ్ళలో నేర్పలేదు. మిగిలినవన్నీ నేర్పవచ్చును.

మన ఊళ్ళలో కళ్ళం పని చూసిన వారికి అక్కడి శస్త్రచికిత్స గది కొత్తగా తోచదు. ఒకరు పనలు అందిస్తారు, ఒకరు నూరుస్తారు, ఒకరు తూర్పారబడతారు, ఒకరు కొలుస్తారు. ఎవరి చేయీ ఖాళీగా ఉండదు. అరవింద్‌లో ఒక్కొక్క శస్త్రవైద్యునికి రెండు బల్లలు. ఒక బల్లపై శుక్లం తీస్తూ ఉండగానే రెండవ బల్లపై మరొక రోగి సిద్ధమై ఉంటాడు. మొదటిది ముగియగానే సూక్ష్మదర్శిని అటు తిరుగుతుంది. పరికరం అడిగేలోపే చేతికి అందుతుంది. అందించేది పల్లె నుండి వచ్చిన ఆ అమ్మాయే. ఈ క్రమం వలన అక్కడి శస్త్రవైద్యుడు ఏడాదికి సుమారు 2000 శస్త్రచికిత్సలు చేయగలుగుతున్నాడు. దేశంలో సగటున ఒక కంటి శస్త్రవైద్యుడు చేసేది ఇందులో చిన్న భాగమే. ఆసుపత్రి సిబ్బందిలో సగానికి పైగా ఈ అమ్మాయిలే.

ఒక సందేహం రావచ్చును. పన్నెండవ తరగతి చదివిన పిల్ల చేతిలో మనిషి కన్ను పెట్టవచ్చునా? ఆమె చేసేది శస్త్రవైద్యుని పని కాదు. తనకు అప్పగించిన ఒక్క పనిని పెద్దల పర్యవేక్షణలో వేలసార్లు చేసి అందులో ఆరితేరుతుంది. చూపు కొలవడమే పనిగా పెట్టుకొన్న అమ్మాయి ఆ ఒక్క పనిలో వైద్యునికి తీసిపోదు. తరగతి గదిలో ఎక్కాలు నేర్పే రహస్యమూ ఇదే.

రెండవ సందేహం ఇంకా బరువైనది. పని కఠినం, వేళలు దీర్ఘం. కొన్నేళ్ళు పనిచేసిన పిమ్మట చాలామంది అమ్మాయిలు వివాహమై ఉద్యోగం విడిచి వెళ్ళిపోతారు. అట్లాంటప్పుడు ఆ శిక్షణకు ఫలమేమి? పెళ్ళి తరువాతా కొనసాగి పర్యవేక్షకులుగా, కొత్తవారికి గురువులుగా ఎదిగినవారు ఉన్నారు. వెళ్ళిపోయిన వారు స్వంత సంపాదన రుచి ఎరిగి, తమ ఆడపిల్లలను చదివించాలన్న పట్టుదలతో వెళ్ళారు. అయినా ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇన్నేళ్ళు ఇంత శ్రద్ధగా నేర్చిన విద్య తాళిబొట్టుతో ముగియాలా అన్న ప్రశ్నకు జవాబు ఆసుపత్రి వద్ద లేదు. అది ఈ సభలో కూర్చున్న అత్తమామల వద్ద, అబ్బాయిల తల్లిదండ్రుల వద్ద ఉంది.

మరొక అనుభవమూ గమనించదగినది. తొలి రోజులలో గ్రామాలలో కంటి శిబిరాలు పెట్టి, శుక్లాలున్న వారిని గుర్తించి, ఉచితంగా చికిత్స చేస్తాం రమ్మని చెప్పినా, చాలామంది రాలేదు. కారణం విచారిస్తే తెలిసినది ఇది: చికిత్స ఉచితమే గాని బస్సు చార్జి ఉచితం కాదు, అక్కడ భోజనం లేదు, తోడు వచ్చే మనిషికి ఆనాటి కూలి పోతుంది. అప్పటినుండి శిబిరం వద్దనే బస్సు ఎక్కించి, భోజనం పెట్టి, చికిత్స చేయించి, తిరిగి ఊరిలో దింపే ఏర్పాటు చేశారు. దానం చేయదలచినవాడు పుచ్చుకొనేవాని వాకిటి నుండి ఆలోచన మొదలుపెట్టాలని ఈ అనుభవం చెబుతున్నది.

1992లో అరోలాబ్ అనే కర్మాగారం వెలిసింది. శుక్లం తీసిన తరువాత కంటిలో అమర్చే కృత్రిమ కటకాన్ని ఆ రోజులలో విదేశాల నుండి తెప్పించాలంటే పేదవాని ఊహకు కూడా అందని ధర. దానిని మదురైలోనే తయారుచేసి, విదేశీ ధరలో స్వల్ప భాగానికే ఇవ్వసాగారు. ఆ కటకాలను తయారుచేసే చేతులు కూడా అధికభాగం పల్లెల ఆడపిల్లలవే. ఇక్కడి కటకాలు నేడు అనేక దేశాలకు పోతున్నాయి. 1993లో అమెరికాలోని హార్వర్డ్ వ్యాపార విద్యాలయం ఈ ఆసుపత్రి నడిచే తీరును పాఠంగా వ్రాయించి విద్యార్థుల ముందుంచింది. 2008లో గేట్స్ పురస్కారం, 2010లో హిల్టన్ మానవసేవా పురస్కారం ఈ సంస్థను వరించాయి. వెంకటస్వామిగారు 2006 జులై 7న కన్నుమూశారు. సంస్థ ఆగలేదు. ఆయన ఉండగానే తేని, తిరునెల్వేలి, కోయంబత్తూరు, పుదుచ్చేరి నగరాలకు వ్యాపించిన అది, ఆ తరువాత చెన్నైకీ, 2019లో తెలుగునాట తిరుపతికీ చేరింది. పదకొండు పడకలతో మొదలైన చోట నేడు ఏటా నాలుగు లక్షలకు పైగా శస్త్రచికిత్సలు, చికిత్సలు జరుగుతున్నాయి.

వ్యాపార దక్షత, దానగుణం ఒకదానికొకటి విరోధమని సాధారణంగా అనుకొంటారు. లాభం చూసేవాడు దానం చేయడని, దానం చేసేవానికి లెక్క తెలియదని లోకం మాట. నాచ్చియార్‌గారి జీవితంలో ఆ రెండూ ఒకే చేతి పని. దూది, దారం, నిమిషం వృథా కాకుండా చూచిన పొదుపే ఇవ్వలేని మరొక ముసలివానికి చూపుగా మారింది. మన పల్లె ఇల్లాలు బియ్యం కొలిచి ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడుతుంది. ఆ గుణం పెద్దదైతే ఒక ఆసుపత్రి నడుస్తుంది.

విద్యార్థినులారా, మీలో అందరూ వైద్యులు కాలేరు, కానక్కరలేదు కూడా. ఏ పని చేపట్టినా దానిని వేయిసార్లు చేసినా విసుగు పుట్టని ఓర్పుతో చేయండి. తల్లిదండ్రులారా, పదవ తరగతి కాగానే ఆడపిల్లను మాన్పించకండి. ఇంకొక రెండేళ్ళు చదివిన పిల్లకు మదురైలోనో మరొకచోటనో ఒక తలుపు తెరుచుకొంటుంది. చదువు మాన్పించిన పిల్లకు ఆ తలుపు ఉన్నదన్న సంగతే తెలియదు. ఇసుకపై అక్షరాలు దిద్దిన ఇంటి నుండి ఇంతటి సంస్థ పుట్టింది. నల్లబల్ల, పుస్తకం, గురువు ఉన్న ఈ బడి నుండి ఎంత పుట్టవచ్చునో రానున్న డెబ్బై ఐదేళ్ళు చెబుతాయి.