స్కూటరు రైలెక్కితే లాభమా, నష్టమా?



బదిలీ కాగితం ఇంటికి వచ్చిన రోజున ఆడవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది పిల్లల బడి. ఆ తర్వాత గ్యాసు కనెక్షను, పాలవాడి బాకీ, ఊరగాయ జాడీలు. మా ఇంట్లో మాత్రం మొదటి రాత్రే నా స్కూటరు దగ్గర తగువొచ్చింది. మావారికి హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి బదిలీ అయింది. భోజనాలయ్యాక ఓ కాగితం ముందేసుకుని, ఏవేవో కూడికలు వేసి, "నీ స్కూటరు ఇక్కడే అమ్మేద్దాం. అంత దూరం మోసుకెళ్లడం దండగ" అన్నారు.

ఆ స్కూటరు నేను చీటీ పాడిన డబ్బుతో కొనుక్కున్నది. కొని నాలుగేళ్లయింది. చిన్నవాణ్ణి బడిలో దింపడం, రైతుబజారు, అత్తగారి కంటి డాక్టరు, అన్నీ దాని మీదే. అమ్మితే ఎంతొస్తుందని అడిగాను. పాతిక వేలిస్తామన్నారట ఎవరో.

మావారి లెక్క ఇది. అమ్మితే పాతిక వేలు చేతికొస్తాయి. రైల్లో పంపితే మూడు నాలుగు వేలు ఎదురు వదులుతాయి. పైగా దారిలో గీతలు పడతాయి. అక్కడ కావలిస్తే మరొకటి కొనుక్కోవచ్చు. వినడానికి సబబుగానే ఉంది గాని, ఆ "కావలిస్తే" అన్న మాట దగ్గర నాకు అనుమానం వచ్చింది. కొత్త ఊళ్లో ఇంటి అడ్వాన్సు, బడి ఫీజులు, కర్టెన్లు అన్నీ కట్టాక నా స్కూటరు ఎన్నో వరసలో వస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మా అత్తగారు మడత మంచం మీద నుంచే, "నా కుట్టుమిషను కాజీపేట నుంచి రైల్లో రాలేదుట్రా? ఇప్పటికీ కుడుతూనే ఉంది" అన్నారు. ఆవిడ నా పక్షం మాట్లాడడం అరుదు. అందుకని ఆ రాత్రికి తీర్పు వాయిదా పడింది.

మర్నాడు నేనూ ఒక కాగితం తీసుకున్నాను. పాత బండికి రెండు ధరలుంటాయి చూడండి. మనం అమ్మేటప్పుడు పాతిక వేలు. అలాంటి బండినే మనం కొనబోతే నలభై చెబుతారు. కొత్తదైతే ఇంచుమించు లక్ష. బండి లేకపోతే బడికి ఆటో. పోనూ రానూ రోజుకు 120 రూపాయలనుకున్నా, నెలకు 22 రోజులకు 2,640. రెండు నెలలు బండి లేకుండా గడిపితే రైలు ఖర్చు ఆటోవాడికే పోతుంది. ఇవన్నీ రాశాను. ఎవరినీ అడక్కుండా, ఎవరి కోసం ఎదురుచూడకుండా నేను గడప దాటగలగడానికి ఎంత వేయాలో మాత్రం తెలియలేదు. ఆ గడి ఖాళీగా వదిలేసి కాగితం మావారి చేతికిచ్చాను. ఆయన చదివి, "సరే, కనుక్కుందాం" అన్నారు.

ఇంటి సామాను లారీలోనే వేసేయవచ్చు కదా అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. లారీ అంతా మీ సామానే అయితే అదే తేలిక. మాది మరొకరితో పంచుకున్న లారీ, అందులో చోటు లేదు. మా తమ్ముడు తోలుకుపోతానన్నాడు. ఆరు వందల కిలోమీటర్లు దాటిన దారి, ఎండాకాలం, చిన్న చక్రాల బండి. వద్దన్నాను.

రైల్లో స్కూటరు పంపడానికి రెండు పద్ధతులున్నాయి. మనం టిక్కెట్టు కొనుక్కుని వెళ్లే బండిలోనే దాన్ని లగేజీగా వేయించుకోవడం ఒకటి. మనతో సంబంధం లేకుండా పార్శిలుగా పంపడం రెండోది. ప్రయాణికులకు ఉచితంగా ఇంత బరువు అని ఉంటుందే, అది స్కూటర్లకూ సైకిళ్లకూ వర్తించదు. మొత్తం బరువుకీ కట్టాల్సిందే. లగేజీ రేటు పార్శిలు రేటు కంటే ఎక్కువ. కాని మనతో పాటే దిగుతుందన్న ధీమా ఉంటుంది. పార్శిలు చవక. అయితే ఏ బండిలో చోటుంటే ఆ బండిలో వస్తుంది, రెండు మూడు రోజులు అటూ ఇటూ అవుతుంది. మేము మంగళవారం పార్శిలుకిస్తే శుక్రవారం చేరింది. బ్రేకు వానులో కొంత చోటును ప్రైవేటువాళ్లకు లీజుకిస్తుంటారు. వాళ్ల మనిషి మిమ్మల్ని పలకరిస్తే అతని ధర వేరు, రైల్వే రసీదు వేరు అని గుర్తుంచుకోండి. రసీదు ఎవరి పేరున ఇస్తున్నారో చూసుకున్నాకే డబ్బు తీయండి.

ఇక పెట్రోలు. టాంకులో చుక్క ఉండకూడదు. ఇది అక్కడి గుమాస్తా చాదస్తం కాదు. ప్రమాదకరమైన వస్తువును చట్టవిరుద్ధంగా రైల్లోకి తెస్తే 1989 నాటి రైల్వే చట్టం 164వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఈ సంగతి తెలిసి కూడా నేను అలవాటు కొద్దీ రెండు రోజుల ముందే మూడు వందల రూపాయల పెట్రోలు పోయించాను! అదంతా తీయించి పక్కింటి వారి బండిలో పోయించాం. వాళ్లు నన్ను ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటారు. బయలుదేరే వారం ముందు నుంచీ కొద్దికొద్దిగానే పోయించుకోవడం మంచిది.

ప్యాకింగు దగ్గర పిసినారితనం పనికిరాదు. అద్దాలు విప్పి ఇంటి సామానులో పెట్టుకోండి. హెడ్‌లైటుకూ, హ్యాండిలుకూ, పక్క రేకులకూ వరిగడ్డి గాని, పాత దుప్పటి గాని చుట్టి, దాని మీద గోనెపట్టా వేసి పురికొసతో కుట్టించాలి. పంపేవారి పేరు, అందుకునేవారి పేరు, రెండు స్టేషన్ల పేర్లు, ఫోను నెంబరు రెండు అట్టల మీద రాసి, ముందొకటి వెనకొకటి గట్టిగా కట్టండి. ఒకటి ఊడినా ఒకటి ఉంటుంది. ఇంత జాగ్రత్త చెబుతున్న నేనే అసలు ఆర్‌.సి. పుస్తకాన్ని డిక్కీలో పెట్టి కుట్టించేశాను. కౌంటరు దగ్గర ఆర్‌.సి. నకలూ, గుర్తింపు కార్డూ అడిగేసరికి గుండె ఝల్లుమంది. మూడు కుట్లు విప్పి తీశాం. అసలు కాగితాలు చేతి సంచీలో, నకళ్లు కౌంటరుకు. డిక్కీ ఖాళీగా ఉండాలి.

నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది నిజానికి ఇప్పుడు చెప్పబోయే మాట కోసమే. పార్శిలు ఫారంలో సరుకు విలువ ఎంత అన్న గడి ఉంటుంది. మనలో చాలామంది, విలువ ఎక్కువ రాస్తే చార్జీ పెరుగుతుందని, ఏదో ఒక అంకె వేసి సంతకం పెట్టేస్తాం. విలువ ప్రకటించి, దానికి తగ్గ అదనపు శాతం చార్జీ కట్టకపోతే, సరుకు పోయినప్పుడు రైల్వే బాధ్యత బరువును బట్టే ఉంటుంది. పార్శిలుకు కిలోకు 50 రూపాయలు, లగేజీకి కిలోకు 100 రూపాయలు, అంతవరకే. నా స్కూటరు 110 కిలోలు. అంటే పార్శిలులో అది పూర్తిగా పోయినా చేతికొచ్చేది 5,500. పాతిక వేలకు అమ్మనని పోట్లాడినదాన్ని, ఐదున్నర వేల వస్తువుగా చేసి బండెక్కించి ఉండేదాన్ని! గడిలో విలువ రాస్తే సరిపోదు, ఆ చార్జీ కట్టి రసీదులో అది చేరిందో లేదో కూడా చూసుకోవాలి.

దీనికి తోడు మన బీమా పాలసీ ఒకటుంది. సంవత్సరానికోసారి డబ్బు కట్టి బీరువాలో పడేస్తాం, చదవం. సమగ్ర పాలసీ అయితే బండి రోడ్డు మీద గాని, రైల్లో గాని రవాణాలో ఉన్నప్పుడు జరిగే నష్టానికి కూడా అది వర్తిస్తుంది. అవతలివాళ్లకు జరిగిన నష్టానికి మాత్రమే పనికొచ్చే థర్డ్ పార్టీ పాలసీ అయితే మన బండికి దమ్మిడీ రాదు. బండి పంపే ముందు ఆ కాగితం ఏదో, గడువు ఎప్పటిదాకా ఉందో తీసి చూడండి. బండికి నాలుగు వైపులా ఫోటోలు కూడా తీసుకోండి. ప్యాకింగుకు ముందు తీసినవే పనికొస్తాయి, గోనెపట్టా ఫోటో ఎవరికి కావాలి?

బండి చేరాక ఆలస్యం చేయకూడదు. కొన్ని గంటలు ఉచితంగా ఉంచుకుంటారు. ఆ తర్వాత గంటల లెక్కన వార్ఫేజీ పడుతుంది. శుక్రవారం పొద్దున్న చేరిందని తెలిసి కూడా, వంటింటి సామాను సర్దుకోవాలని శనివారం వెళ్లాం. ఆ బద్ధకానికి తగినంత కట్టాం. తీసుకునేటప్పుడు ప్యాకింగు చిరిగి ఉన్నా, లోపల ఏదో వంగినట్టు అనుమానమున్నా వెంటనే సంతకం పెట్టేయకుండా, ఓపెన్ డెలివరీ కావాలని అడగండి. అంటే వాళ్ల ఎదుటే విప్పించి, నష్టం రాయించుకోవడం. దెబ్బతిన్న సరుకుకు ఆ హక్కు చట్టంలోనే ఉంది. నష్టపరిహారం కోరే నోటీసు సరుకు అప్పగించిన తేదీ నుంచి ఆరు నెలల లోపల రాతపూర్వకంగా ఇవ్వాలి. నా బండికి ఎడమవైపు రేకు మీద జానెడు గీత పడింది. గోనెపట్టా మాత్రం చిరగలేదు. కుట్టేటప్పుడు దబ్బనం గీసిందేమోనని నా అనుమానం. మావారు ఆ గీతను వచ్చినవాళ్లందరికీ చూపించారు.

ఖర్చు చెప్పమంటారా? రైలు చార్జీ, ప్యాకింగు, రెండు చోట్లా కూలీలు, నా బద్ధకం తాలూకు వార్ఫేజీ, అన్నీ కలిపి మాకు మూడు వేల చిల్లర. కాని అసలు ఖర్చు అది కాదు. తెలంగాణ బండి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిందంటే వేరే రాష్ట్రానికి వెళ్లినట్టే. 2014 నుంచీ మనం ఇది మరిచిపోతూనే ఉంటాం, చుట్టాలింటికి వెళ్లినట్టుంటుంది గనక. వేరే రాష్ట్రంలో బండిని 12 నెలలకు మించి ఉంచితే అక్కడ కొత్త నెంబరు తీసుకోవాలి. అందుకు పాత రవాణా ఆఫీసు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. కొత్త చోట బండి వయసును బట్టి లైఫ్ టాక్సు మళ్లీ కట్టాలి. మాకది ఆరు వేలు దాటింది. ముందు రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన భాగాన్ని తిరిగి ఇవ్వమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. మావారు పెట్టారు. ఆ అభ్యంతరం లేదన్న పత్రానికి ఊరు వదలక ముందే దరఖాస్తు పెట్టుకోండి. దానికోసం మళ్లీ రానూ పోనూ టిక్కెట్లు కొంటే ఈ లెక్కంతా తలకిందులవుతుంది.

కాబట్టి మొత్తం తొమ్మిది పది వేలు. నాలుగేళ్ల బండికి నాకది గిట్టింది. పదేళ్లు దాటి, నెలకోసారి మెకానిక్కు దగ్గర కూర్చునే బండి అయితే నేనే మావారి కంటే ముందు అమ్మేయమనేదాన్ని. ఏడాది లోపలే తిరిగి వచ్చేస్తామని తెలిస్తే పన్ను గొడవ లేదు, రైలు ఖర్చు ఒక్కటే చూసుకోవచ్చు.

కారు సంగతి అడుగుతున్నారు మా వీధిలో. మామూలు ప్రయాణికుల బండిలో మన కారును స్కూటరులా పార్శిలు వేయడం మాటల్లో ఉన్నంత తేలిక కాదు. కార్లు నింపుకుని పోయే గూడ్సు బండ్లు మీరు చూసే ఉంటారు, అవి కంపెనీల కోసం నడిచేవి. మన బోటివాళ్ల కారును చాలావరకు లారీ ట్రాన్స్‌పోర్టు వాళ్లే చేరవేస్తారు. మనమూ కారూ ఒకే రైల్లో వెళ్లే ఏర్పాటును 2025 ఆగస్టులో, వినాయకచవితి ముందు, కొంకణ్ రైల్వే వారు మహారాష్ట్రలోని కోలాడ్ నుంచి గోవాలోని వెర్ణా వరకు మొదలుపెట్టారు. అప్పటి ధర కారుకు 7,875 రూపాయలు. మనుషులకు ఏసీ మూడో తరగతిలో తలకు 935, కూర్చునే తరగతిలో 190. ఇద్దరు ఏసీలో వెళితే 9,745 అయింది. ఆ నాలుగు వందల చిల్లర కిలోమీటర్లూ కారే తోలుకుపోతే, లీటరుకు 15 కిలోమీటర్లు వచ్చే బండికి మూడు వేల రూపాయల పెట్రోలు చాలు. బొంబాయి నుంచి కోలాడ్ దాకా ఎలాగూ తోలుకునే వెళ్లాలి. డబ్బు లెక్కలో అది గిట్టదు. రాత్రంతా ఘాటు రోడ్డు మీద, వానలో, పండగ రద్దీలో స్టీరింగు పట్టుకునే మనిషికి ఆ నిద్ర ఎంత విలువైనదో ఆ ఇంటి ఇల్లాలు వేసుకోవాలి. వెనక సీట్లో కూర్చుని దేవుళ్లకు మొక్కుకునేది ఆవిడే కదా.

మా స్కూటరు ఇప్పుడు విశాఖలో హాయిగా తిరుగుతోంది. ఎత్తుపల్లాల ఊరు గనక మొదట్లో కొంచెం ఆయాసపడింది. ఉప్పుగాలికి ఆ గీత పడినచోట తుప్పు పట్టకుండా రంగు వేయించాను. అత్తగారు దాని మీద కూర్చుని సముద్రం చూసొచ్చారు. ఆ గోనెపట్టాలు, పురికొస, రెండు అట్టలు అటక మీద దాచాను. మావారికి మూడేళ్లకోసారి బదిలీ.