మెడలో గడ్డ, జ్వరం: టీబీ మందు మొదలుపెట్టే ముందు



పాతికేళ్ల లోపు అమ్మాయి. మెడకు ఒక పక్క, కాస్త వెనగ్గా, నొక్కితే నొప్పి పుట్టే గడ్డలు. వారాల తరబడి జ్వరం. మన దగ్గర ఇది వినగానే అందరికీ మొదట తోచేది టీబీ. ఆ అనుమానం సరైనదే, మన దేశంలో మెడ గడ్డలకు క్షయ చాలా ముఖ్యమైన కారణం. అనుమానం దగ్గర ఆగకుండా నేరుగా ఆరు నెలల మందులు రాసేయడమే నన్ను బాధపెడుతోంది.

1972లో జపాన్‌లో కికుచి ఒకవైపు, ఫుజిమోతో బృందం మరోవైపు, విడివిడిగా, ఇవే లక్షణాలతో వచ్చే మరో జబ్బును వర్ణించారు. ఇద్దరి పేర్లూ దానికి నిలిచి, కికుచి-ఫుజిమోతో జబ్బు అయింది. అరుదైనదే కానీ, ఆసియాలో ఎక్కువగా కనిపిస్తుంది. నలభై లోపు వాళ్లకే ఎక్కువ. రక్తంలో తెల్లకణాలు తగ్గవచ్చు. కారణం ఇంకా తేలలేదు. ఎన్నో వైరస్‌లను అనుమానించారు, ఏదీ రుజువు కాలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దయచేసి గమనించండి. ఈ జబ్బు చాలామందిలో ఒకటి నుంచి నాలుగు నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఆ సమయంలో టీబీ మందులు నడుస్తుంటే, వాటివల్లే తగ్గిందని రోగీ నమ్ముతుంది, మనమూ నమ్ముతాం. పొరపాటు బయటపడే దారే ఉండదు. అక్కర్లేని మందులతో కాలేయం దెబ్బతినే ప్రమాదం మాత్రం ఆ పిల్లదే.

సూది పరీక్ష చాలాసార్లు తేల్చలేదు. గడ్డను మొత్తంగా తీసి పరీక్షించాలి. సూక్ష్మదర్శినిలో చచ్చిన కణజాలం, ముక్కలైన కణకేంద్రకాల పొడి కనిపిస్తాయి. అంత నాశనం జరిగినచోట న్యూట్రోఫిల్స్ గుంపులుగా ఉండాలి, కానీ దాదాపు ఉండవు; హిస్టియోసైట్లే ఉంటాయి. ఇదే పాథాలజిస్టుకు పెద్ద ఆనవాలు. లింఫోమా అని పొరబడే వీలూ ఉంది కనుక అనుభవమున్న కంటికి చూపించాలి. తీసిన గడ్డ మొత్తాన్ని ఫార్మలిన్‌లో వేయకండి. కొంత సెలైన్‌లో వేసి టీబీ కల్చర్‌కు, సీబీనాట్‌కు (టీబీ క్రిమి జన్యు పరీక్షకు) పంపండి. గడ్డ తీయకముందే స్టెరాయిడ్ ఇస్తే లింఫోమా మరుగున పడవచ్చు.

గడ్డ తీసి పరీక్షించాలి అనగానే ఇంట్లోవాళ్లు జంకుతారు. కత్తి తగిలితే జబ్బు పాకుతుందంటారు, మెడమీద మచ్చ పడితే సంబంధాలు రావంటారు. వాళ్లను విసుక్కోవద్దు. కూర్చోబెట్టి, ఎందుకు తీస్తున్నామో, ఫలితం ఏం చెబుతుందో విడమరిచి చెప్పండి. క్యాన్సర్ కాదని, టీబీ కాదని తేలితే ఆ తల్లికి కలిగే ఊరట మందుచీటీతో ఇవ్వగలిగేది కాదు.

కికుచి-ఫుజిమోతో జబ్బే అని ఖాయమైతే జ్వరానికి, నొప్పికి మందులు చాలు. తీవ్రంగా ఉన్నవారికే స్టెరాయిడ్లు. కొద్దిమందిలో తిరగబెడుతుంది. లూపస్ దీనికి ముందు, దీనితోపాటు, లేదా ఆ తర్వాత రావచ్చు. అందుకే ఏఎన్ఏ (యాంటీ న్యూక్లియర్ యాంటీబాడీ) పరీక్ష చేయించండి. గడ్డలు కరిగిపోయాక కూడా కీళ్ల నొప్పులో, ముఖంమీద ఎర్రటి దద్దురో కనిపిస్తే వెంటనే రమ్మని చెప్పి పంపండి.