పరదేశ పౌరసత్వము – మన కుటుంబములు
(తెనాలి వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

  

పరదేశ పౌరసత్వమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు మమ్ము గోరిరి. మేము విద్వాంసులము గాము, న్యాయవాదులమును గాము. రేపల్లె ప్రాంతమున బుట్టి, బాపట్ల వ్యవసాయ కళాశాలలో జదివి, 1982లో అమెరికాకు బోయి, అచ్చట పౌరసత్వమునకు దరఖాస్తు పెట్టుకొన్నవారము మాత్రమే. ఈ పందిట గూర్చున్నవారిలో కొడుకో కూతురో సముద్రమున కావల లేని యిండ్లు తక్కువ గావున మా యనుభవము కొంత పనికివచ్చునని యెంచి యొప్పుకొంటిమి.

ముందుగా కొంత పూర్వచరిత్ర. 1913లో బాపట్లయందు ప్రథమాంధ్ర మహాసభ జరిగిన సంగతి పెద్ద లెఱుగుదురు. ఆ యేడే అక్షయకుమార్ మజుందార్ అను వంగదేశీయుడు అమెరికా పౌరుడాయెను. పదియేండ్లు తిరిగినవో లేదో, 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యెమున అచ్చటి సుప్రీంకోర్టు, మనదేశమువారు శ్వేతజాతీయులు కారు గావున పౌరసత్వమున కనర్హులని తీర్పు చెప్పినది. థిండ్ అమెరికా సైన్యమున బనిచేసినవాడు. ఆయన యున్నతకులజుడగు నార్యుడని ఆయన పక్షమున వాదించిరి. ఆ వాదము నిలువలేదు. కులసభలో నీ మాట చెప్పుటకు మాకు కొంత జంకు గలదు. అయినను జరిగిన సంగతి గావున దాచుట యుచితము గాదు. ఆ తీర్పును బట్టి మజుందార్ మొదలగువారికి మునుపిచ్చిన పౌరసత్వములను గూడ రద్దుచేసిరి.

1946లో మరల ద్వారము కొంచెము తెరచిరి. ఏడాదికి నూరుగురు మాత్రమే. మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లోకమునకు దివ్యౌషధముల నొసగియు, 1948లో గాలధర్మము నొందునాటికి ఆ దేశపు పౌరులు గారు. 1965 నాటి చట్టముతో గాని మన వైద్యులకును ఇంజనీర్లకును వ్యవసాయశాస్త్రజ్ఞులకును దారి యేర్పడలేదు. నేటికిని ఏ దేశమువారికైనను ఉద్యోగముద్వారా ఇచ్చు శాశ్వతనివాస పత్రములలో నూటికి ఏడు పాళ్లకు మించి దక్కవను నిబంధన కలదు. మన పిల్లలు పదియు పదునైదు నేండ్లు వేచియుండుటకు గారణ మిదియే. ఆ పత్రము, అనగా గ్రీన్ కార్డు, చేతికి రానిదే పౌరసత్వపు మాటయే లేదు. వచ్చిన పిమ్మట నైదేండ్లు గడువవలెను. అందు ముప్పది నెలలైనను ఆ నేలమీద నుండవలెను.

మాకు 1989లో గార్డు వచ్చినది. అప్పటి చిక్కు పుట్టినతేది. మా తరమున పుట్టినతేదీలు బడిలో పంతులుగారు తోచినట్లు వేసినవే కదా! పురపాలక కార్యాలయమున నమోదు లేదని యొక పత్రమును, మమ్మెఱిగిన యిరువురు పెద్దల ప్రమాణపత్రములును పంపి గట్టెక్కితిమి. పేరుతో వచ్చిన చిక్కు మఱియొకటి. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత, వారికి దలక్రిందులు. పాస్‌పోర్టులో పేరంతయు నొకే గడిలో బడినవారికి, వీసా కాగితముమీద ‘మొదటి పేరు తెలియదు’ అను నర్థమిచ్చు ఎఫ్.ఎన్.యు. అను మూడక్షరములు చేరును. తల్లిదండ్రులు బారసాల చేసి పెట్టిన పేరు తెలియకపోవుట యేమి! పౌరసత్వ మిచ్చునప్పుడు పేరు సరిచేసికొను నవకాశము గలదు. దానిని విడువవలదని మా మనవి.

1994కే మాకర్హత కలిగినను రెండేండ్లు జాగుచేసితిమి. తండ్రిగారికేమని చెప్పుదుమను సంకోచమే దానికి గారణము. తుదకు 1996లో దరఖాస్తు పెట్టితిమి. ఆనాటి పత్రమున, దరఖాస్తుదారు డే యే సంఘములలో సభ్యుడో వ్రాయవలయునని యొక ప్రశ్న యుండెను. మేము మన సంఘము పేరు వ్రాసితిమి. పరీక్షాధికారిణి యాపేరు చదువలేక, ఇది యేమి సంఘమని యడిగెను. బీదవిద్యార్థులకు వసతిగృహములు నడపునదని చెప్పితిమి. ఆమె మెచ్చుకొని, “ఎవరైనను చేరవచ్చునా?” అని యడిగెను. మాకు నోరాడలేదు. మా కులమువారు మాత్రమే యని మెల్లగా జెప్పితిమి. ఆమె యేదో వ్రాసికొని తరువాతి ప్రశ్నకు బోయెను. ఆ దేశపు రాజ్యాంగమును గూర్చి యడిగిన ప్రశ్నలన్నిటికి జవాబు చెప్పితిమి గాని, ఇప్పటికిని జ్ఞప్తియందున్నది ఆ యొక్క ప్రశ్నయే. (నేటి దరఖాస్తుదారులకు పరీక్ష హెచ్చినది: 2025 అక్టోబరు 20 మొదలు దరఖాస్తు పెట్టినవారు 128 ప్రశ్నలు చదువుకొనవలెను, ఇరువది యడిగెదరు, పండ్రెండు సరిపోవలెను.)

ప్రమాణమునాడు, పూర్వదేశమున కున్న విధేయత నంతయు విడిచితిమని కుడిచేయి యెత్తి పలుకవలెను. మన చట్టమును, 1955 నాటిది, అన్యపౌరసత్వము గైకొన్న క్షణమున భారతపౌరసత్వము పోవుననియే చెప్పుచున్నది. రెండును బెట్టుకొనుట లేదు.

మరుసటి యేడు ఇంటికి వచ్చితిమి. పుట్టిన యూరికి వచ్చుటకు వీసా! తండ్రిగారు మా సంచిలోని పాస్‌పోర్టు చేతబట్టి, సింహముల స్థానమున గ్రద్దను జూచిరి. చాలసేపు మాటాడలేదు. పిమ్మట, “ఓటర్ల జాబితాలో నీ పేరు నేనే తీయించవలెనా, నీవు తీయించుకొందువా?” అని మాత్ర మనిరి. మేమే పోయి తీయించుకొంటిమి.

ఇక భూమి సంగతి. ఇది యీ ప్రాంతపు రైతులు ప్రత్యేకముగా వినవలెను. 2005లో వచ్చిన ఓ.సి.ఐ. కార్డు జీవితాంతము చెల్లు వీసావంటిది. అది పౌరసత్వము గాదు, ఓటు నీయదు. ఆ కార్డుగలవారు ఇల్లు కొనవచ్చును గాని మాగాణి, మెట్ట, తోట కొనరాదు. దానముగా బుచ్చుకొనుటయు గూడదు. వారసత్వమున వచ్చినది మాత్ర ముంచుకొనవచ్చును. అమ్మదలచినచో నీ దేశమున నివసించు భారతపౌరునికే యమ్మవలెను. మాకు దెలిసిన యొక పెద్దమనిషి తెలియక, పౌరసత్వము మార్చుకొన్న కుమారునికి మూడెకరములు దానపత్రము వ్రాసియిచ్చి, తిరిగి సరిచేసికొనుటకు గడచిన నాలుగేండ్లుగా తిరుగుచున్నారు. వీలునామా వ్రాసినచో నీ తిప్పలు లేకపోవును. మా తండ్రిగారు 2004లో గతించినపుడు మాకు జేరిన మాగాణి యట్లు చేరినదే.

మేము పౌరులమైనదాని ముఖ్యప్రయోజనము తల్లిగారిని దెచ్చుకొనుట. పౌరుని తలిదండ్రులకు సంఖ్యానిబంధన లేదు. కార్డు త్వరలోనే వచ్చును. ఆమె వచ్చిరి, ఎనిమిది నెలలుండిరి. మంచు కురియుచుండగా కిటికీవద్ద గూర్చుండి, ఊరిలో నారుమళ్లు దున్నిరో లేదోయని యడుగుచుండెడివారు. కార్డు తిరిగి యిచ్చివేసి యింటికి వచ్చిరి. మే మాపలేదు. వృద్ధులైన తలిదండ్రుల కార్డులను, ఏడాదికొకమారు పోయివచ్చుచు నిలుపుకొనవచ్చునని కొందఱు చెప్పుచుందురు. నమ్మవలదు. ఆ కార్డు అచ్చట గాపురముండువారిది. ఆరునెలలు మించిన ప్రతి యెడబాటుకును సంజాయిషీ చెప్పవలసియుండును.

రేపు ఉదయ మెనిమిది గంటలనుండి యీ పందిటి ప్రక్కగదిలో నుందుము. పిల్లల పేర దానపత్రములు వ్రాయింపదలచినవారు, పుట్టినతేది పత్రములు లేనివారు తమ కాగితములతో రావచ్చును.