యాభై ఎనిమిదేళ్ల మనిషి వాటా

రోజూ తీసుకునే చిన్న చిన్న నిర్ణయాల భారం చాలాసార్లు ముప్ఫై ఏళ్ల తర్వాతి మనిషి మీద పడుతుంది. ఇరవై రెండేళ్ల ఉద్యోగిని తన జీతం తానే ఖర్చు పెట్టుకుంటున్నాననుకుంటుంది. అందులో కొంత, యాభై ఎనిమిదేళ్లకు తాను కాబోయే మనిషికి చెందాల్సిన వాటా. ఆ మనిషి ఇప్పుడు వచ్చి అడగలేదు, వద్దని చెప్పలేదు. బ్రిటిష్ తత్వవేత్త డెరెక్ పార్ఫిట్ 1984లో వెలువరించిన ‘రీజన్స్ అండ్ పర్సన్స్’లో ఒక కుర్రవాడి ప్రస్తావన ఉంది. యాభై ఏళ్ల తర్వాత ఎంతో బాధపడాల్సి రావచ్చని తెలిసీ, పట్టనట్టే సిగరెట్ మొదలుపెడతాడు. అది ఒట్టి తెలివితక్కువతనం కాదని, మరొకరికి హాని చేసినంత తప్పుగానే చూడవచ్చని పార్ఫిట్ వాదన. డిగ్రీ పట్టా చేతికి వచ్చే రోజున తలచుకోదగిన మాట అది.

  

దూరాన ఉన్న పెద్ద లాభం కంటే చేతికందే చిన్న లాభం వైపు మొగ్గడం మనిషి స్వభావం. వచ్చే నెల నుంచి పొదుపు చేస్తానని మనస్ఫూర్తిగా అనుకున్న మనిషే, ఆ నెల రాగానే మళ్లీ వచ్చే నెలకు వాయిదా వేస్తాడు. ఈ తీరును అమెరికన్ ఆర్థికవేత్త డేవిడ్ లైబ్సన్ 1997లో ఒక గణిత నమూనాగా వివరించారు. దీనికి తోడు ఇంకో భ్రమ ఉంది. 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 19,000 మందికి పైగా పాల్గొన్నారు. గడిచిన పదేళ్లలో తాము బాగా మారామని, రాబోయే పదేళ్లలో అంతగా మారబోమని అన్ని వయసులవారూ అనుకుంటున్నట్టు తేలింది. రేపటి మనిషి అవసరాలు కూడా ఈనాటివే అన్న ధీమా అక్కడి నుంచే పుడుతుంది.

ఆ రేపటి మనిషిని కళ్లకు కట్టిస్తే ప్రవర్తన మారుతుందా అని పరిశోధకుడు హాల్ హెర్ష్‌ఫీల్డ్ బృందం పరీక్షించింది. 2011లో ప్రచురించిన వారి ప్రయోగాల్లో కొందరికి కంప్యూటర్ సాయంతో ముసలితనంలో వారి ముఖం ఎలా ఉండబోతుందో చూపించారు. ఒక ప్రయోగంలో ఆ ముఖాన్ని చూసినవారు, తమ ఇప్పటి ముఖాన్ని చూసినవారి కంటే రెట్టింపుకు పైగా సొమ్మును విశ్రాంత జీవితానికి కేటాయించారు. తెలుగు ఇళ్లలో ఈ పనికి కంప్యూటర్ అక్కర్లేదు. అమ్మమ్మ పక్కన, తాతయ్య పక్కన ఓ గంట కూర్చుంటే చాలు. వారికి దేని లోటు ఉందో, ఏది ఆసరాగా ఉందో తెలుస్తుంది.

కొత్తగా ఉద్యోగంలో చేరేవారి జీవితంలో ఇలాంటి నిర్ణయాలన్నిటిలోకీ ఎక్కువ ఆందోళన కలిగించేది మొదటిసారి కంపెనీ మారేటప్పుడు వస్తుంది. అదే పీఎఫ్ (భవిష్య నిధి) డబ్బు తీసేసుకోవడం. 1952 చట్టంతో మొదలైన ఈ పథకంలో ఉద్యోగి మూలవేతనం, కరవు భత్యం (డీఏ) మీద 12 శాతం కోతపడుతుంది. యజమాని మరో 12 శాతం కలుపుతాడు. మూలవేతనం 15,000 రూపాయలున్న ఉద్యోగి లెక్క చూస్తే, అతని వాటా 1,800. యజమాని ఇచ్చే 1,800లో 1,250 పెన్షన్ పథకానికి, 550 పీఎఫ్‌కు వెళ్తాయి. అంటే పీఎఫ్ ఖాతాలో నెలకు 2,350 చేరుతుంది. ఏడాదికి 8 శాతం వడ్డీ అనుకుంటే మూడేళ్లకు దాదాపు 95,000 అవుతుంది.

ఇరవై అయిదేళ్ల వయసులో ఆ మొత్తం చూస్తే కొత్త బండి, కొత్త ఫోన్, గోవా ప్రయాణం కనిపిస్తాయి. అదే సొమ్ము అదే వడ్డీతో కదలకుండా ఉంటే యాభై ఎనిమిదో ఏట దాదాపు 12 లక్షలు. నిజాయితీగా చెప్పాలంటే ఆ 12 లక్షలు ఇప్పటి 12 లక్షలు కావు. ధరలు ఏటా 5 శాతం పెరిగితే ముప్ఫై మూడేళ్లలో అయిదింతలవుతాయి. ఇప్పటి విలువలో అది రెండు లక్షల నలభై వేలకు సమానం. అంత తగ్గించి చూసినా సొమ్ము రెండున్నర రెట్లయింది. ఫోన్ మాత్రం మూడేళ్లకే పాతబడుతుంది. అంత చదువు చదివి, చక్రవడ్డీ లెక్క పరీక్షలో తప్పు లేకుండా చేసి, సొంత సొమ్ము దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్కే మరచిపోవడం ఏం న్యాయం?

నష్టం అక్కడితో ఆగదు. అయిదేళ్ల సర్వీసు నిండకముందే సొమ్ము తీస్తే సాధారణంగా పన్ను పడుతుంది. ఖాతాను కొత్త సంస్థకు బదిలీ చేసుకుంటే పాత సర్వీసూ లెక్కలోకి వస్తుంది. నెలనెలా పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి. ఉద్యోగం మారిన ప్రతిసారీ పెన్షన్ సొమ్ము కూడా ఊడ్చుకుపోతే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. 2014లో యూఏఎన్ (యూనివర్సల్ అకౌంట్ నంబర్) వచ్చాక ఎన్ని సంస్థలు మారినా నంబరు ఒకటే. బదిలీ ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే జరిగే పని.

తండ్రి ఆపరేషన్, చేతిలో ఉద్యోగం లేని నెలలు, ఇలాంటి అవసరాలకు ఆ డబ్బు తీయడం తప్పు కాదు. పథకంలో ఆ వీలు కల్పించిందీ అందుకే. అవసరానికి తీసినవారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

చక్రవడ్డీ చేసే పనినే క్రెడిట్ కార్డు తలకిందులుగా చేస్తుంది. ‘మినిమమ్ డ్యూ’ కట్టి ఊపిరి పీల్చుకునేవారి మిగతా బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ నడుస్తుంది. అంటే ఏడాదికి 36 నుంచి 42 శాతం. పీఎఫ్‌లో 8 శాతం సంపాదిస్తూ కార్డు మీద 42 శాతం కట్టే ఉద్యోగి ముందుగా తీర్చుకోవాల్సింది కార్డు బాకీనే.

ఒంటికీ ఇదే లెక్క. ఎముకల బలం దాదాపు ముప్ఫై ఏళ్ల వయసుకే గరిష్ఠ స్థాయికి చేరుతుంది. తర్వాత ఉన్నదాన్ని కాపాడుకోవడమే. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దాని ముందుదశ ఉన్నట్టు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో అంచనా వేసింది. రాత్రి రెండింటిదాకా తెర ముందు కూర్చుని బిర్యానీ ఆర్డర్ చేసే అలవాటు వారానికి ఎన్నిసార్లన్నది కొంచెం ఆలోచించుకోవాలి.

ఇంత తెలిశాక కూడా రోజూ మనసుతో పోరాడి గెలవాలనుకోవడం పొరపాటే. నిర్ణయం ఒక్కసారి, అదీ ముందుగానే తీసుకోవడం తెలివైన పద్ధతి. ఆర్థికవేత్తలు రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ రూపొందించిన పథకంలో ఉద్యోగులు రాబోయే జీతం పెంపులో కొంత భాగాన్ని పొదుపుకు ముందే రాసిచ్చారు. పెంపు వచ్చాక కోత పడుతుంది కాబట్టి చేతికొచ్చే జీతం తగ్గినట్టు అనిపించదు. మొదటిసారి అమలైన సంస్థలో అలా చేరినవారి పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. వారెవరూ అసాధారణ నిగ్రహం ఉన్నవారు కారు. ఏర్పాటు మాత్రం సరిగ్గా ఉంది.

నేటి మనిషిని పస్తు పెట్టమని దీని అర్థం కాదు. తొలి జీతంతో అమ్మకు చీర కొనడం, చెల్లి ఫీజు కట్టడం, స్నేహితులతో ఒక సినిమా చూడడం, ఇవన్నీ రేపటి మనిషి కూడా సంతోషంగా గుర్తుచేసుకునే ఖర్చులే. వాటికి జీతం ఉంది. పీఎఫ్ వాటి కోసం కాదు.

కాబట్టి ఉద్యోగంలో చేరే ప్రతి పట్టభద్రుడూ, పట్టభద్రురాలూ మొదటి నెలలోనే యూఏఎన్ యాక్టివేట్ చేసుకోవాలి. కేవైసీ పూర్తిచేసి నామినీ పేరు నమోదు చేయాలి. సంస్థను వదిలే రోజున, ఉద్యోగం మానిన తేదీని పీఎఫ్ పోర్టల్‌లో నమోదు చేయమని హెచ్ఆర్ విభాగాన్ని అడగాలి. ఆ తేదీ లేకపోతే బదిలీ ఆగిపోవచ్చు. కొత్త సంస్థలో చేరాక విత్‌డ్రా జోలికి పోకుండా ట్రాన్స్‌ఫర్‌కే దరఖాస్తు పెట్టాలి.