మూట మీద పేరు



ఈ రోజు లారీ బాడుగ గురించి మాట్లాడుకుందాం. టీచరమ్మకు లారీతో ఏం పని అని నవ్వకండి. వినండి.

మైపాడు, జువ్వలదిన్నె మొదలైన మన తీరపు ఊళ్ళలో నెత్తళ్ళు ఎండబెట్టుకుంటాం. ఒక్కొక్కరికి ఒకటి, రెండు మూటలు తేలతాయి. రెండు మూటలకు ఎవరూ లారీ మాట్లాడలేరు. ఊళ్ళో దళారికి అమ్మితే అతను చెప్పిందే ధర. అందుకే పదిమందీ కలిసి ఒక బండి మాట్లాడుకుంటారు. లేదా నెల్లూరు పోయి పార్సిల్ ఆఫీసులో వేస్తారు. అక్కడా అంతే. పదిమంది సరుకు ఒకే లారీలో చెన్నై పోతుంది. మా అమ్మ ఇప్పటికీ మద్రాసనే అంటుంది.

పలకలు తీయండి. బండి బాడుగ 3000 రూపాయలు అనుకుందాం. పదిమంది కాబట్టి తలా 300. సులువుగా ఉంది కదా? కానీ ఒక అక్క సరుకు 40 కిలోలే. ఇంకో అక్కది 100 కిలోలు. బండిలో మొత్తం 600 కిలోలు. 3000ను 600తో భాగించండి. కిలోకు 5 రూపాయలు. అంటే మొదటి అక్క 200 ఇవ్వాలి, రెండో అక్క 500. తలకింత అంటే సరుకు తక్కువ ఉన్నవాళ్ళకే నష్టం. ముందే తూకం వేయించండి.

సరిగ్గా ఎండని మూట మాత్రం వేయకండి. తడికి బరువు పెరుగుతుంది, బాడుగా పెరుగుతుంది. పక్కవాళ్ళ మూటకూ బూజు పడుతుంది.

ఇక అసలు సంగతి. మా అమ్మ ఒకసారి పార్సిల్ ఆఫీసులో మూడు మూటలు వేసింది. రసీదులో రెండని రాశారు. పొరపాటో, కావాలనో తెలీదు. అమ్మ వేలిముద్ర వేసి వచ్చింది. అక్కడ దిగినవి రెండే. అడిగితే ఆ రసీదే చూపించారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. దాన్ని చదివి చెప్పింది నేనే. ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు.

సరుకు రవాణాకు 2007లో కొత్త చట్టం వచ్చింది. అంతకుముందు 1865 నాటి తెల్లదొరల చట్టమే ఉండేది. లారీ కంపెనీ సరుకు తీసుకుంటే రసీదు ఇవ్వాలి. సరుకు పోయినా, పాడైనా బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపల కాగితం మీద రాసి తెలపాలి. నోటిమాట చాలదు. ఆ తర్వాతే కోర్టు.

కాబట్టి రసీదులో మీ పేరు, మూటల లెక్క, బరువు, సరుకు విలువ, తేదీ చదివిన తర్వాతే సంతకం పెట్టండి. గుమాస్తా తొందర పెడతాడు. పెట్టనివ్వండి.

మూట మీద కూడా పేరు ఉండాలి. అట్టముక్క కడితే ఊడిపోతుంది. గోనె మీదే రంగుతో రాయాలి. ఇదిగో, రంగు డబ్బా తెచ్చాను. ముందు ఎవరు రాస్తారు?