పదిహేనేళ్ళ పిల్లవానికి క్రిస్టమస్ కానుక
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాది పుస్తకాల తెలుగు. పగలు ఇంగ్లీషులో లెక్కలు చెప్పి, సాయంత్రం తరగతిలో నేర్చుకొన్నది. మాట తడబడితే మన్నించండి. సంస్కృతిని గురించి చెప్పడానికి ఈ వేదిక మీద నాకంటె తెలిసినవారు ఉన్నారు గనుక, తరగతికి పిల్లలను దింపే తల్లులు ఏటేటా నన్ను అడిగే ప్రశ్న ఒకటి తీసుకొన్నాను. "టీచరుగారూ, మావాడికి పదిహేనేళ్ళు. క్రిస్టమస్‌కు ఏమి కొనాలి? చేతిలో డబ్బు చూస్తే తక్కువ."

క్రిస్టమస్ మనకెందుకు అనే తాతలు కొందరున్నారు. 1903లోనే జాన్ రంగయ్యగారు తెలుగు బాప్టిస్టుల తరఫున నేటాలుకు వచ్చారు. కియర్స్‌నీ తేయాకు తోటల కూలీల మధ్య తెలుగులో ఆరాధన జరిపారు. అప్పటినుంచీ ఆ పండుగ మనలో కొందరి ఇంటి పండుగే. మిగిలిన ఇళ్ళలో అది బడి సెలవుల పండుగ. దీపావళికి మన పళ్ళెం పక్కింటికి వెళ్ళినట్లే, డిసెంబరులో వారి కేకు మన ఇంటికి వస్తుంది. పిల్లవాడు మాత్రం అందరి ఇళ్ళలోనూ కానుక కోసం చూస్తాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన దేశంలో బడి జనవరిలో మొదలవుతుంది. డిసెంబరు బోనసు రాగానే దుకాణాలు పిలుస్తాయి. మూడు వారాలు తిరిగేసరికి ఫీజు, యూనిఫారం, బూట్లు, నోటుపుస్తకాలు అన్నీ వరుసగా నిలబడతాయి. జనవరిలో కాలిపట్టే బూట్లతో కుంటుకుంటూ వచ్చే పిల్లలను నేను చాలామందిని చూచాను. వారిలో కొందరి జేబులో కొత్త ఫోను ఉండేది.

ఆ ఫోను సంగతి చెప్పాలి. కాంట్రాక్టు 24 నెలలో, 36 నెలలో ఉంటుంది. పదిహేనేళ్ళవాడికి తీసుకొంటే వాడు మెట్రిక్ పరీక్షకు వచ్చేదాకా వాయిదాలు కడుతూనే ఉంటారు. ఫోను నేల మీద పడి పగిలినా వాయిదా ఆగదు. దుకాణపు ఖాతా కూడా అంతే, దాని మీద వడ్డీ నడుస్తుంది. తప్పనిసరిగా ఖరీదైనది కొనాలంటే మన అమ్మల కాలంనాటి లే-బై మేలు. వస్తువు దుకాణంలోనే ఉంటుంది, మీరు కొంచెం కొంచెంగా కడతారు. 2008 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వస్తువు చేతికి వచ్చేదాకా కట్టిన డబ్బు మీదే. కానుక వోచరు కొనేవారికి కూడా ఒక మాట: అదే చట్టం ప్రకారం దాన్ని మూడేళ్ళదాకా వాడుకోవచ్చును. జనవరి రెండునాడే గడువు తీరిందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

మా తాత చెరకు తోటలోకి వచ్చిన మొదటి ఏడు జీతం నెలకు పది షిల్లింగులు. ఆ పదింటిలో ఎంత మిగిలేదో మా అవ్వ వేళ్ళమీద లెక్కపెట్టి చూపేది. ఇంటి లెక్క పిల్లలముందు చెప్పడం ఆమెకు నామోషీ కాదు. పదిహేనేళ్ళవాడికి ఆ లెక్క అర్థమవుతుంది. "ఈసారి ఇంతే ఉంది, ఇందులో నీకేమి కావాలో నువ్వే చెప్పు" అనండి. అలిగితే ఒకపూట అలగనీయండి.

అయితే ఏమి కొనాలి? ఆ వయసువాడికి ఆడుకొనే బొమ్మ వద్దు. చేతితో ఏదైనా చేయగలిగే వస్తువు కావాలి, దానితో ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా కొంత పొద్దు గడపాలి. నాకు తోచింది అది.

క్రికెట్ బ్యాటు చూడండి. ఇంగ్లీషు విల్లో కంటె కాశ్మీరు విల్లో చాలా చవక, బడి ఆటకు చాలును. వచ్చే ఏటికి కూడా సరిపోతుందని యూనిఫారం కొన్నట్లు పెద్ద బ్యాటు కొనకండి, బరువుకు వాడి ఆట చెడుతుంది. కొత్త బ్యాటుకు పచ్చి అవిసె నూనె పల్చగా పట్టించి, ఆరబెట్టి, కొయ్య సుత్తితోగానీ పాత బంతితోగానీ గంటల తరబడి మెల్లగా కొట్టాలి. పిడి అతుకు దగ్గర నూనె తగలకూడదు. వరండాలో కూర్చొని నాలుగు సాయంత్రాలు తండ్రీ కొడుకులు చేసే పని ఇది. పక్కింటివాళ్ళకు టకటక చప్పుడు తప్పదు.

సముద్రం దగ్గరున్నవారికి ఇంకా సులభం. ఏ మామ ఇంట్లోనో గాలపు కర్ర ఒకటి మూల పడి ఉంటుంది. దాన్ని అడిగి తెచ్చి, కొత్త దారం, గాలాలు, సీసపు గుండ్లు కొనివ్వండి. షాడ్ చేప అక్టోబరు, నవంబరు నెలల్లో పట్టకూడదు, డిసెంబరు ఒకటి నుంచి పట్టవచ్చును. క్రిస్టమస్ సెలవులకు సరిగ్గా సరిపోయింది! పర్మిట్ మరువకండి, కానుకలో అదీ ఒక భాగం. మనిషికి రోజుకు నాలుగే, అవి 30 సెంటీమీటర్లకు తగ్గకూడదు. కొలిచి చూచి చిన్న చేపను నీళ్ళలోకి వదలడం వాడే నేర్చుకొంటాడు. బ్లూ లగూన్ దగ్గర తెల్లవారుజామున మామతో నిలబడితే, ఇంట్లో నోరు విప్పని పిల్లవాడు కూడా మాట్లాడతాడు.

పాత సైకిలు, పంక్చరు సామాను కూడా మంచివే, కానీ చాట్స్‌వర్త్ కొండలమీద ముందు బ్రేకులు చూచుకోండి.

తెలుగు వాచకం కానుకగా ఇమ్మంటారా అని ఒక తండ్రి అడిగారు. వద్దయ్యా. తెలుగు నేర్పేవాడినే చెబుతున్నాను, పండుగనాడు కాగితం విప్పితే పాఠం కనిపించకూడదు. దానికి బదులు ఇంకొకటి ఉంది, ఖర్చు దాదాపు లేనిది.

1860 నుంచి 1911 దాకా నేటాలుకు వచ్చిన కూలీలు 1,52,000 మందికి పైగా. ప్రతివారికీ ఒక నంబరు ఉండేది. ఓడ జాబితాలో ఆ నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, ఊరు, ఒంటిమీది మచ్చ కూడా రాశారు. మీ ముత్తాతగారి వరుస దొరికితే నకలు తీసి కవరులో పెట్టి ఇవ్వండి. అంతకంటె మంచిది, నంబరు మాత్రం ఇచ్చి వెతకడం వాడికే వదలండి. నాయుడును నాయ్‌డూ చేసిన గుమాస్తాలు ఊళ్ళ పేర్లను ఊరికే వదులుతారా? ఆ ఇంగ్లీషు అక్షరాల వెనుక ఏ ఊరు దాగిందో పోల్చుకోవాలంటే నోటితో నాలుగు రకాలుగా పలికి చూడాలి, తెలుగు చెవి కావాలి. పిల్లవాడు ఆ పని మీద పడితే వాచకం తానే అడుగుతాడేమో, చూద్దాం.

నంబరు సాధారణంగా పాత పెళ్ళి కాగితం మీదో, పుట్టిన కాగితం మీదో ఉంటుంది. అవ్వలు బీరువాలో చీరల అడుగున దాచి ఉంటారు, నెమ్మదిగా అడగండి. దొరికినవారు మంగళవారం తరగతి అయ్యాక రండి. డిసెంబరు మొదటి వారం దాకా నేను ఉంటాను.